చేపల తొట్టికి వెనుక రంగు

రేడియో ఉన్న ఇంటిలో, ఆ పక్కనే అద్దాల చేపల తొట్టి కూడ కనబడడం నేడు వింత కాదు. ముందు అద్దాన్ని అందరూ శ్రద్ధగా తుడుస్తారు. వెనుక అద్దాన్ని గురించి ఆలోచించేవారు తక్కువ. చేపకు కావలసినది ఆ అద్దమేనని మేము కొంత నష్టపడిన పిమ్మట గాని తెలుసుకొనలేదు.

ఒకసారి కార్యక్రమపు పనిమీద సోమశిలకు వెళ్లినాము. కొల్లాపురానికి దగ్గర, నల్లమల కొండల నడుమ కృష్ణ ఒడ్డున ఉన్న ఊరది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు పాత ఊరు నీట మునిగినది. లలితా సోమేశ్వరుల ఆలయాన్ని మీదికి తరలించి తిరిగి కట్టినారు. పుట్టిలో కూర్చుండి నీటిలోనికి ఎంత తేరిపార చూచినా మాకు ఒక్క చేప కనబడలేదు. జాలరులు వల ఎత్తినప్పుడు మాత్రం పిడికెడు చిన్న పరకలు తళుక్కుమన్నవి. అడిగితే ఎనిమిదింటిని డబ్బాలో పోసి ఇచ్చినారు.

హైదరాబాదుకు తెచ్చి వానిని తొట్టిలో విడిచినాము. వెనుక అద్దానికి బజారులో కొన్న రంగుల పటం తగిలించి ఉన్నది: నీలి సముద్రం, ఎర్రని పగడాలు. కృష్ణలో పుట్టినవానికి సముద్రపు పటం! అడుగున తెల్లని గులకరాళ్లు. దీపం వేయగానే అవి ఒక మూలకు చేరి, అద్దానికి మూతులు పొడుచుకొనేవి. నాలుగు దినాలలో వీపుమీది పచ్చదనం పోయి పాలిపోయినవి. రెండు చనిపోయినవి. ప్రయాణపు బడలిక కూడ కారణమై ఉండవచ్చు. నేరమంతా పటానిదే అనము. తక్కినవాని బెదురు మాత్రం కండ్లకు కనబడుతూనే ఉన్నది.

చేప వీపు ముదురుగా, కడుపు తెల్లగా ఎందుకుంటుంది? వెలుతురు మీదినుంచి పడుతుంది గనుక ముదురు వీపు, నీడలోని తెల్లని కడుపు ఒకదానినొకటి సరిచేసికొని చేప ఆకారమే కలిసిపోతుంది. దీనిని 1896లో విడమరచి చెప్పినవాడు అమెరికా చిత్రకారుడు అబట్ థేయర్. రంగులు కలిపేవాని కంటికే అది అందినది. చాల చేపలు ఇంకొక అడుగు ముందుకు వేస్తవి. మీదినుంచి వచ్చే వెలుతురును, చుట్టూ కింద నుంచి తిరిగివచ్చే వెలుతురుతో కన్ను సరిచూచుకొంటుంది. దానిని బట్టి చర్మకణాలలోని నల్లని రేణువులు పరచుకొంటవి, లేదా ముడుచుకొంటవి. 1934లో సమ్నర్ అనే శాస్త్రజ్ఞుడు దోమపిల్లలను తినే గంబూసియా చేపలను కొన్నిటిని నల్లతొట్టిలో, కొన్నిటిని తెల్లతొట్టిలో పెంచి, తరువాత కలిపి పెంగ్విన్ పక్షి ముందు విడిచినాడు. చోటుకు తగని రంగున్నవే ఎక్కువగా దాని నోట పడినవి. కనుక తెల్లని పరిసరంలో పాలిపోవడం చేప చేసికొనే ఆత్మరక్షణ. నాలుగువైపులా వెలుగే అయితే అది ఎక్కడ దాగగలదు?

పటం బదులు నల్లకాగితం అంటిస్తే చాలదా అని అడుగవచ్చు. సగం మాత్రమే చాలుతుంది. కాగితానికి, అద్దానికి మధ్య పలుచని గాలిపొర మిగులుతుంది. నీటిలోనుంచి సుమారు 49 డిగ్రీలకు మించి ఏటవాలుగా వచ్చిన వెలుతురు ఆ గాలిని దాటలేక వెనుకకు మళ్లుతుంది. అంటే చేపకు ఆ గోడ నిలువుటద్దమే. తన నీడనే చూచి పగవాడనుకొని పొడుస్తుంది. రంగు అద్దాన్ని అంటిపెట్టుకొంటే గాలికి చోటు లేదు, ప్రతిబింబమూ లేదు.

రంగు ఎప్పుడూ బయటివైపునే వేయవలెను, నీటికి తగులకూడదు. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు వేయడం మేలు. అద్దాన్ని వెనిగరుతో తుడిచి, అంచులకు కాగితపు టేపు అంటించి, నలుపో ముదురు పాచిరంగో పలుచగా రెండు మూడు పూతలు వేయండి. ఒక పూత ఆరినదాకా రెండవది వద్దు. తొందరపడితే కుంచె మొదటిదానిని లాగివేస్తుంది. ఈ తొందర మాది, మూడుసార్లు గీకినాము. చివర లోపల దీపం పెట్టి చూస్తే సూదిబెజ్జాలు తెలుస్తవి. గాజుమీది రంగు ఇష్టం లేనప్పుడు బ్లేడుతో వచ్చివేస్తుంది. ప్లాస్టిక్ తొట్టి అయితే ఘాటైన ద్రావకాలున్న రంగులు వద్దు, పగుళ్లు తీస్తవి. నీరు నిండిన తొట్టి అయితే గ్లిసరిను పలుచగా పూసి నల్లని ప్లాస్టిక్ రేకును బుడగలు లేకుండ అదిమితే చాలు. రాళ్లను కూడ మార్చండి.

ఇంటి పిల్లలు ఆ నలుపుమీద సోమశిల గోపురం వ్రాయాలని పట్టుబట్టినారు. అయితే ఇది తంజావూరు గాజుపటాల వరుస. ముందునుంచి చూచేదానికి వెనుకనుంచి వ్రాయడం గనుక కుడియెడమలు తారుమారు. మెరుగులు ముందు, నేపథ్యం చివర. నల్లపూత వేసిన తరువాత గోపురం వ్రాస్తే కనబడదు. మొదటి పూత గీకినప్పుడు వారికి అవకాశం దొరికినది. బూడిదరంగుతో గోపురం గీచి, దానిమీద నలుపు వేసినాము. శిఖరం ఒక పక్కకు ఒరిగినది. వారం గడిచేసరికి ఆరు పరకలకూ వీపు పచ్చబడినది. ఇప్పుడవి గోపురం ముందే గుంపుగా తిరుగుతున్నవి. ఇంటికి వచ్చినవారు మాత్రం ముందు గోపురాన్నే చూస్తారు. చేపలెక్కడ అని అడుగుతారు.