సిర్కాలో నానిన మాంసం: ఉదయపు నాష్టాలో ఎవరికెంత?

గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే 'తాపా' అనే మాట వినే ఉంటారు. అక్కడ మనవాళ్ల పక్కన పనిచేసే ఫిలిప్పీన్స్ వాళ్లకు అది ఎంతో ఇష్టమైన ఉదయపు వంటకం. పలుచగా కోసిన పెద్ద మాంసాన్ని సిర్కా (వెనిగర్), వెల్లుల్లి, మిరియాలు, సోయా సాస్‌లో రాత్రంతా నానబెట్టి పొద్దున వేయిస్తారు. పక్కన వెల్లుల్లితో వేయించిన రాత్రి అన్నం, ఒక గుడ్డు. ఈ మూడూ కలిస్తే 'తాప్‌సిలోగ్'.

చాకవేలు లాంటి ఊరికి సెలవుపై వచ్చిన అబ్బాయి 'అమ్మీ, రేపు నాష్టా నేను చేస్తాను' అన్నాడనుకోండి. దస్తర్‌ఖాన్ దగ్గర బీపీ ఉన్న దాదా, మొలలతో బాధపడే అబ్బా, ఉరకలు వేసే పిల్లలు అందరూ కూర్చుంటారు. అందరికీ ఒకే ప్లేటు పెట్టవచ్చా? యునానీ వైద్యం దీనికి చక్కని జవాబు చెబుతుంది.

మాంసం గుణం, దాని విరుగుడు

యునానీలో ప్రతి ఆహారానికీ ఒక మిజాజ్ (స్వభావం) ఉంటుంది. పెద్ద మాంసాన్ని హకీములు 'గలీజ్' అంటారు. అంటే బరువైనది, ఆలస్యంగా జీర్ణమయ్యేది అని అర్థం. అది శరీరంలో సౌదాను (నల్ల పిత్తాన్ని) పెంచుతుందని వారు చెబుతారు. అలాగని దాన్ని పూర్తిగా మానమనరు. దాని దోషాన్ని సరిచేసే 'ముస్లెహ్' (విరుగుడు) కలిపి తినమంటారు. సిర్కా, వెల్లుల్లి, అల్లం, మిరియాలు అలాంటివే. అబ్బాసీ ఖలీఫాల కాలంలో బాగ్దాదులో సిర్కా పోసి వండిన 'సిక్‌బాజ్' అనే మాంసం కూరకు ఎంతో పేరుండేది.

ఇప్పుడు తాపా మసాలాను మళ్లీ చూడండి. సిర్కా, వెల్లుల్లి, మిరియాలు! ఎక్కడో సముద్రం మధ్య దీవుల వంటవాళ్లు వేసేవీ, మన హకీములు చెప్పినవీ ఇంచుమించు ఒకటే. కాబట్టి ఈ వంటలో నానబెట్టడమే అసలు పని. అది రుచికి మాత్రమే కాదు. సిర్కా పులుపు పైపొరను మెత్తబరుస్తుంది, పలుచని కోత నమలడాన్ని తేలిక చేస్తుంది. తొందరపడి ఆ పని ఎగ్గొడితే మిగిలేది బరువైన మాంసమే.

మాంసం ఎంచుకోవడం

కర్ణాటకలో 2021లో అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం ఆవు, ఎద్దు, దూడలను కోయడం నిషేధం. 13 ఏళ్లు దాటిన ఎనుమును మాత్రం అధికారి ధ్రువపత్రంతో కోయవచ్చు. కనుక అనుమతి ఉన్న అంగడిలోనే కొనండి. ముదురు ఎనుము మాంసం గట్టిగా ఉంటుంది కాబట్టి 'పసందా ముక్కలు' కావాలని అడగండి. కండ పోగులకు అడ్డంగా, పలుచగా కోయించండి. అది దొరకకపోతే వేట తొడ మాంసంతో చేసుకోవచ్చు. వేట మాంసం పెద్ద మాంసం కన్నా తేలికగా అరుగుతుందని హకీముల మాట.

తయారీ (ఆరుగురికి)

అర కిలో ఎముక లేని మాంసానికి 3 పెద్ద చెంచాల సిర్కా, ఒక నిమ్మకాయ రసం, 2 పెద్ద చెంచాల సోయా సాస్, నూరిన 8 వెల్లుల్లి రెబ్బలు, చిన్న అల్లం ముక్క, ఒక చిన్న చెంచా మిరియాల పొడి, ఒక చిన్న చెంచా చక్కెర చాలు. ఉప్పు వేరుగా వేయకండి.

అన్నీ కలిపి గాజు లేదా స్టీలు గిన్నెలో మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. అల్యూమినియం, ఇత్తడి గిన్నెలు పులుపుకు పనికిరావు. పొద్దున ముక్కలను పెనం మీద కొద్దిపాటి నీళ్లతో మూతపెట్టి మెత్తగా ఉడకనివ్వండి. నీరు ఇగిరాక రెండు చెంచాల నూనె వేసి ఎర్రగా వేయించండి. లోపల పచ్చిదనం ఉండకూడదు. మాంసం నానిన రసాన్ని పచ్చిగా వడ్డించవద్దు.

అన్నం మనకు కొత్త కాదు. రాత్రి మిగిలిన అన్నంతో చిత్రాన్నం చేసుకుంటాం కదా! అదే అన్నాన్ని వెల్లుల్లి తాలింపులో వేయిస్తే సరి. అయితే ఆ అన్నం కూడా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నదై ఉండాలి.

సిర్కా సీసా మీద 'సింథటిక్' అని ఉంటే అది అసిటిక్ ఆమ్లంతో చేసినది. నేరేడు, చెరకు, ద్రాక్ష రసాలను పులియబెట్టి చేసిన సిర్కానే యునానీలో వాడతారు. సోయా సాస్ కొన్నిటిలో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి లేబుల్ చదివి కొనండి.

ఉప్పు సంగతి

పూర్వం తాపా అంటే ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసమే. బక్రీదు తర్వాత మన ఇళ్లలో దండేల మీద ఆరేసే ఉప్పు కండల లాంటిది. అప్పట్లో ఫ్రిజ్ లేదు, నిల్వకు ఉప్పే ఆధారం. నేడు ఫ్రిజ్ ఉన్న ఇంట్లో అంత ఉప్పు అవసరం లేదు. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పైన చెప్పిన 2 చెంచాల సోయా సాస్‌లోనే దాదాపు అంత ఉప్పుంటుంది! ఆరుగురు పంచుకుంటే మనిషికి ఒక గ్రాము లోపే పడుతుంది. ఒక్కరే సగం తింటే లెక్క తప్పుతుంది. బీపీ ఉన్నవారికి సోయా సాస్ సగం తగ్గించి నిమ్మరసం పెంచండి.

ఉప్పు తగ్గింది కనుక చల్లదనం తప్పనిసరి. రాత్రంతా కరెంటు పోయి ఫ్రిజ్ చల్లదనం కోల్పోతే ఆ మాంసాన్ని వాడకండి. సిర్కా ఉంది కదా, చెడిపోదులే అనుకోవడం పొరపాటు.

ఎవరు జాగ్రత్తపడాలి?

మొలలు, మలబద్ధకం ఉన్నవారు, సౌదావీ మిజాజ్ కలవారు రెండు మూడు ముక్కలతో ఆపి, దోసకాయ, టమాటా ముక్కలు ఎక్కువగా తినాలి. కీళ్లవాపు 'నిఖ్రస్' (గౌట్), మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడగనిదే తినరాదు. కడుపులో పుండు, మంట ఉన్నవారికి సిర్కా పడదు. షుగరు ఉన్నవారు చక్కెర మానేసి అన్నం తగ్గించుకోవాలి. ఎర్ర మాంసం ఎవరికైనా రోజూ తినే వస్తువు కాదు. ఉప్పు పెట్టి నిల్వచేసిన మాంసం రోజూ తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ప్రకటించింది.

కనుక అబ్బాయి సరదాను కాదనకండి. వారానికో పక్షానికో ఒక ఆదివారం చేయనివ్వండి. అతను వడ్డించేటప్పుడు మాత్రం ఎవరికెంత అన్నది మీ చేతిలోనే ఉంచుకోండి. దాదా ప్లేటులో మూడు ముక్కలు, పిల్లల ప్లేటులో గుడ్డు, అందరి ప్లేటులో పచ్చికూరలు. వంట ఒకటే అయినా మిజాజ్‌ను బట్టి వడ్డన మారాలి.