సగానికి పైగా ఖాళీ, అయినా ‘చోటు లేదు’

లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్ పుస్తకం చూసి సొంతంగా లైనక్స్ కట్టుకునేవారు ముందుగా ఓ పార్టిషన్ కేటాయించుకోవాలి. రోజూ వాడుకునే సిస్టమ్ అయితే 30 జీబీ తీసుకోమంటుంది పుస్తకం. ఆ తర్వాత దాన్ని ఫార్మాట్ చేయడానికి కొట్టాల్సిన ఎంకేఎఫ్ఎస్ కమాండ్ ఒక్క వరుసే. సెకన్లలో పనైపోతుంది కాబట్టి చాలామంది దాని మీద మనసు పెట్టరు. పెట్టాలి. అక్కడ ఖాయమయ్యే లెక్కల్లో ఒకదాన్ని తర్వాత మార్చుకునే వీల్లేదు.

ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌నే చూద్దాం. 2008 డిసెంబరులో లైనక్స్ 2.6.28తో వచ్చింది. మామూలుగా పార్టిషన్‌ను 4,096 బైట్ల బ్లాకులుగా విడగొడుతుంది. 30 జీబీకి 78,64,320 బ్లాకులు. ఏది ఖాళీ, ఏది నిండింది అన్నది బ్లాకుకు ఒక బిట్ చొప్పున రాసుకుంటుంది. ఆ పట్టికకు దక్కేదీ ఒక్క బ్లాకే, అంటే 32,768 బిట్లు. అందుకే ఒక్కో పట్టిక 128 ఎంబీని మించి చూసుకోలేదు. మన పార్టిషన్ పట్టికకు ఒకటి చొప్పున 240 గ్రూపులు కావడానికి కారణం ఇదే.

అసలు చిక్కు ఐనోడ్‌లది. ఫైలు ఎవరిది, అనుమతులేమిటి, డేటా ఏ బ్లాకుల్లో ఉంది అన్నీ ఐనోడ్‌లోనే ఉంటాయి. ప్రతి ఫైలుకూ ఒకటి కావాలి. ప్రతి 16,384 బైట్లకు ఒకటి చొప్పున ఎంకేఎఫ్ఎస్ ముందే లెక్కగట్టేస్తుంది. మన 30 జీబీకి 19,66,080. ఒక్కోటి 256 బైట్లు, అంటే 480 ఎంబీ వీటికే పోతుంది. (పాత 128 బైట్ల ఐనోడ్‌లో తేదీలు 2038 జనవరితో ఆగిపోతాయి. ఆ ఖర్చు దండగ కాదు.)

రూట్ పార్టిషన్‌కు ఇవి ధారాళంగా సరిపోతాయి. కెర్నెల్ సోర్స్ మొత్తం విప్పినా పదో వంతు ఖర్చు కావు. అదే పార్టిషన్‌లో ఉత్తరానికో ఫైలు చొప్పున దాచే మెయిల్ సర్వర్ పెట్టారనుకోండి. ఒక్కో ఉత్తరం ఒక బ్లాకులో పట్టేంత చిన్నదైతే, ఐనోడ్‌లన్నీ అయిపోయేసరికి నిండేది 7.5 జీబీ. ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అంటుంది. ఖాళీ చోటు చూపే డీఎఫ్ కమాండ్ కొడితే సగానికి పైగా ఖాళీ కనిపిస్తుంది. డీఎఫ్ మైనస్ ఐ కొడితేనే ఐనోడ్‌ల వాడకం 100 శాతం అన్న అంకె బయటపడుతుంది. పార్టిషన్ పెంచితే కొత్త ఐనోడ్‌లు వస్తాయి గానీ, అవీ పాత నిష్పత్తిలోనే. నిష్పత్తి మారాలంటే డేటా మొత్తం తీసి మళ్లీ ఫార్మాట్ చేయాల్సిందే. అలాంటి పార్టిషన్‌కు మొదట్లోనే ఎంకేఎఫ్ఎస్‌లో మైనస్ ఐ 4096 ఇస్తే ఐనోడ్‌లు నాలుగింతలవుతాయి, 1,920 ఎంబీ ఖర్చుతో.

రూట్ యూజర్ కోసం ఎంకేఎఫ్ఎస్ పక్కన పెట్టే 5 శాతం గురించి ఇంత బెంగ అక్కర్లేదు. 30 జీబీలో అది 1.5 జీబీ. సిస్టమ్ ఉన్న చోట దాన్ని కదపకపోవడమే మేలు. 4 టీబీ ఫొటోల డిస్కులో మాత్రం 200 జీబీ దాకా పోతుంది. దాన్ని ట్యూన్2ఎఫ్ఎస్‌తో ఎప్పుడైనా తగ్గించుకోవచ్చు.

ఐనోడ్‌ల సంగతి అలా కాదు కనుక, ముందు ఎంకేఎఫ్ఎస్ కమాండ్‌ను మైనస్ ఎన్‌తో నడపండి. చిన్న బడి ఎన్. డిస్కు మీద ఏమీ రాయకుండా ఎన్ని బ్లాకులు, ఎన్ని ఐనోడ్‌లు రాబోతున్నాయో చూపిస్తుంది. ఆ అంకె మీ ఫైళ్లకు సరిపోతుందనుకున్నాకే అసలు ఎంటర్ నొక్కండి.