ఇఫ్ అనే చిన్న మాట

చిన్నమనూరు, కంబం, బోడి ప్రాంతాల్లో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పై చదువుల్లో ఇంగ్లీషు. మూడు భాషలు మోయాలంటే బరువే. అయితే ఇంగ్లీషు వ్యాకరణంలో అందరినీ తికమకపెట్టే ‘ఇఫ్’ వాక్యాల దగ్గర మాత్రం ఆ ఇంటి తెలుగు, బడి తమిళం రెండూ ఆ పిల్లలకు తోడు వస్తాయి. అదెలాగో ఈనాటి ప్రసంగంలో చూద్దాం.

ఒకటి జరిగితే మరొకటి జరుగుతుందని చెప్పే వాక్యాన్ని షరతు వాక్యం అంటాం. “వాన పడితే విత్తుతాం.” ఇది జరగడానికి వీలున్న మాట. ఇంగ్లీషులో “ఇఫ్ ఇట్ రెయిన్స్, వుయ్ విల్ సో” అంటారు. వాన పడేది రేపు కదా అని కొందరు “ఇఫ్ ఇట్ విల్ రెయిన్” అని రాస్తారు. అది తప్పు. మన వాక్యాన్నే విప్పి చూడండి. ‘పడితే’ అన్న మాటలో రేపు అనే గుర్తు ఎక్కడైనా ఉందా? లేదు. కాలాన్ని చెప్పేది ‘విత్తుతాం’ అనే రెండో సగం. ఇంగ్లీషులోనూ ‘విల్’ ఉండవలసిన చోటు ఆ రెండో సగమే.

ఎప్పుడూ జరిగే సంగతికి ఆ ‘విల్’ కూడా అక్కరలేదు. “మంచుగడ్డను వేడిచేస్తే కరుగుతుంది.” “ఇఫ్ యూ హీట్ ఐస్, ఇట్ మెల్ట్స్.” రెండు సగాలూ వర్తమానంలోనే ఉంటాయి.

ఇక ఊహకు వద్దాం. “నాకు పదెకరాలు ఉంటే అరటి వేసేవాణ్ణి.” ఈ మాట అన్న మనిషికి పదెకరాలు లేవని వినగానే మీకు తెలిసిపోతుంది. ఎలా తెలిసింది? ‘వేస్తాను’ అనకుండా ‘వేసేవాణ్ణి’ అన్నాడు గనుక. ఇంగ్లీషులో “ఇఫ్ ఐ హ్యాడ్ టెన్ ఏకర్స్, ఐ వుడ్ గ్రో బనానాస్” అంటారు. ఇక్కడి ‘వుడ్’ మన ‘వేసేవాణ్ణి’కి అచ్చమైన జోడీ. ఇంకో పోలిక కూడా ఉంది. “చిన్నప్పుడు ఏట్లో ఈదేవాణ్ణి” అని పాత అలవాటును చెప్పడానికి కూడా మనం ఈ రూపమే వాడతాం. ఇంగ్లీషు వాళ్లు కూడా ‘వుడ్’ను అలాగే వాడతారు.

“పొలం లేనిది ఇప్పుడు కదా, మరి ‘హ్యాడ్’ అని భూతకాలం ఎందుకు?” అని మీరు అడగవచ్చు. దీనికి తమిళం జవాబు చెబుతుంది. ‘వందాన్’ అంటే వచ్చాడు. ఆ భూతకాల రూపానికే ‘ఆల్’ చేర్చితే ‘వందాల్’, అంటే వస్తే. అక్కడ గడిచిన కాలం లేదు, రూపం మాత్రమే ఉంది. ‘హ్యాడ్’ కూడా అంతే. అది నిన్నటి సంగతి కాదు, నిజానికి దూరమైన సంగతి.

మరి గడిచిపోయిన దానిని ఊహించాలంటే? 1895లో పెరియార్ ఆనకట్ట పూర్తయింది. పడమటికి పోయే నీటిని ఇంజనీరు జాన్ పెన్నీక్విక్ ఆధ్వర్యంలో కొండలో తొలిచిన సొరంగం గుండా తూర్పుకు మళ్లించారు. “ఆనకట్ట కట్టి ఉండకపోతే కంబం లోయకు ఈ నీళ్లు వచ్చి ఉండేవి కావు.” దీన్నే “ఇఫ్ దే హ్యాడ్ నాట్ బిల్ట్ ద డ్యామ్, ద వ్యాలీ వుడ్ నాట్ హ్యావ్ గాట్ దిస్ వాటర్” అంటారు. మన ‘కట్టి ఉండకపోతే’లోని ‘ఉండు’ చేసే పనినే ఇంగ్లీషులో ‘హ్యాడ్’ చేస్తుంది.

ఇదంతా మార్కుల కోసమేనా? కాదు. పరీక్ష రాసి ఫలితాల కోసం చూస్తున్న అబ్బాయి ఉద్యోగానికి దరఖాస్తు పెడుతూ “ఇఫ్ ఐ పాస్, ఐ విల్ జాయిన్” అని రాస్తే, ప్యాసైతే చేరతానని అర్థం. “ఇఫ్ ఐ పాస్డ్, ఐ వుడ్ జాయిన్” అని రాస్తే, ప్యాసవుతానన్న నమ్మకం అతనికే లేదన్నట్టు చదివేవారికి తోస్తుంది. “ఇఫ్ ఐ హ్యాడ్ పాస్డ్, ఐ వుడ్ హ్యావ్ జాయిన్డ్” అంటే తప్పానని తానే ఒప్పుకున్నట్టు! తేడా రెండు మూడు మాటలే, పోయేది మాత్రం ఉద్యోగం.

కాబట్టి ఇంగ్లీషు వాక్యం రాసేముందు ఇంటి తెలుగులో ఒకసారి అనుకోండి. ‘చేస్తాను’ అని వస్తే ‘విల్’. ‘చేసేవాణ్ణి’, ‘చేసేదాన్ని’ అని వస్తే ‘వుడ్’. ‘చేసి ఉండేవాణ్ణి’ అని వస్తే ‘వుడ్ హ్యావ్’. మీ ఇంట్లో ఈ మాటల యాస కొంచెం వేరుగా ఉన్నా ఫరవాలేదు, తేడా పట్టుకుంటే చాలు. బడిలో అక్షరాలు దిద్దని తెలుగే అయినా, ఇంగ్లీషు నేర్చుకునే వేళ అది మీకు అడ్డు కాదు, ఆసరా.