గుణుపురంలో వానేటి?

“ఏటప్పా, అక్కడ వానేటి?”

హిరమండలం దిగువన, వంశధార గట్టు మీది ఊరు. ఇంకా తెలతెలవారుతోంది. ఓ రైతు టీ నీళ్లయినా ముట్టకుండా ముందు చేసిన పని, ఒడిశాలోని గుణుపురంలో కాపురముంటున్న అక్కకు ఫోన్ కొట్టడం. మా పక్క అక్కను అప్ప అంటారు. స్పీకర్ పెట్టాడు కాబట్టి ఆవిడ మాట నాకూ వినపడింది. “రాత్తిరి నుంచి ఇడవకుండా పడతంది తమ్ముడా. మోటారు పైకి తీసీండి.”

మా నెత్తిన చుక్క లేదు. తూర్పున మబ్బు విడి ఎర్రబారుతోంది కూడా. అయినా అతను పక్కింటి కుర్రాళ్లిద్దరిని కేకేసి, మోకు భుజాన వేసుకుని ఏట్లోకి దిగాడు. ముగ్గురూ కలిసి మోటారుకు మోకు కట్టి, ఒండ్రులో కాళ్లు దిగబడుతుంటే ఊపిరి బిగబట్టి లాగి, గట్టు మీద తాటిచెట్టు మొదట్లో కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికి ఆ మోటారు ఉన్నచోట ఎర్రనీళ్లు సుడి తిరుగుతున్నాయి.

శ్రీకాకుళం జిల్లాకు వాతావరణ సూచన ఎలా వినాలో నాకు తెలిసింది ఆ రోజే. మన ఆకాశం చూసుకుంటే సరిపోదు. వంశధార పరీవాహకం సుమారు 10,830 చదరపు కిలోమీటర్లైతే, అందులో నాలుగింట మూడు వంతులు ఒడిశాలోనే ఉంది. కలహండి, రాయగడ, గజపతి జిల్లాల కొండల మీద పడ్డ వాన మనకు గొట్టా బ్యారేజీ దగ్గర ఏరై కనిపిస్తుంది. పర్లాకిమిడి మీదుగా వచ్చే మహేంద్రతనయ కూడా ఆ దగ్గరే వంశధారలో కలుస్తుంది. నాగావళిదీ ఇదే దారి. కలహండి కొండల్లో పుట్టి, రాయగడ దాటి, తోటపల్లి మీదుగా శ్రీకాకుళం పట్నం మధ్యలోంచి వచ్చి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది.

ఇప్పుడు ఉత్తర కార్తె. సెప్టెంబరు రెండోవారం చివర మొదలై హస్త వచ్చేదాకా, అంటే నెలాఖరు దాకా నడుస్తుంది. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న సామెత తెలుగువాళ్లందరికీ తెలిసిందే గానీ, ఈ జిల్లాల్లో అది ఉత్త సామెత కాదు. ఈ కార్తెలో వాన లేకపోతే ఇంటికి తాళం వేసి విశాఖకో హైదరాబాదుకో చెన్నైకో బండెక్కిన కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. అందుకే వాన వస్తోందన్న కబురు ఇక్కడ మొదట మంచి కబురే. కాలవ చివరి భూముల్లో ఉభాలు ఆలస్యమైనవాళ్లు మడికి నీళ్లందాయని ఊపిరి పీల్చుకుంటారు. ముందు నాటినవాళ్ల చేలు మాత్రం పొట్ట మీద ఉంటాయి. ఆ దశలో నాలుగు రోజులు మునిగితే గింజ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఒకే గట్టుకు అటొకరు ఇటొకరు, ఒకే మబ్బు కేసి వేర్వేరు మొక్కులతో చూసే వారమిది.

ఈ రోజుల్లో బులెటిన్ దాదాపు ఒకేలా మొదలవుతుంది: వాయవ్య బంగాళాఖాతంలో అల్పపీడనం, బలపడి వాయుగుండంగా మారే అవకాశం, ఉత్తర కోస్తాలో అక్కడక్కడ భారీ వర్షాలు. ఇందులో ప్రతి మాటకూ ఒక కొలత ఉంది. ఇరవై నాలుగు గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 అందుకుంటే అత్యంత భారీ. గాలి గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 62కు చేరితే తుపాను. పసుపు రంగు హెచ్చరిక వస్తే కనిపెట్టి ఉండాలి, నారింజ వస్తే సర్దుకోవాలి, ఎరుపు వస్తే కదలాలి.

చాలామంది పొరబడేది ఇంకోచోట. “పూరీ దగ్గర తీరం దాటుతుందట, మనకేం కాదు” అనే మాట టీ బడ్డీల దగ్గర ప్రతి ఏడూ వింటాను. రుతుపవనాల కాలంలో వాయుగుండం పడమరగా కదిలేటప్పుడు పెద్ద వాన దాని నైరుతి భాగంలో కురుస్తుంది. కేంద్రం పూరీ దగ్గరుంటే నైరుతిన ఉండేది గంజాం, గజపతి, ఆ తర్వాత మనమే. 2024 సెప్టెంబరు 9న తీవ్ర వాయుగుండం పూరీ దగ్గరే తీరం దాటింది. ఇక్కడ ఉత్తరాంధ్ర జిల్లాలు వానకు తడిసి ముద్దయ్యాయి. అందుకే తీరం దాటే ఊరి పేరు ఒక్కటే విని టీవీ కట్టేయొద్దని అందరినీ బతిమాలుకుంటాను.

తుపాను నేరుగా మన మీదికే వచ్చిన సెప్టెంబరు కూడా ఉంది. 2021 సెప్టెంబరు 26, ఆదివారం రాత్రి గులాబ్ కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటింది. మూడేళ్ల ముందు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వచ్చిన తిత్లీ మాత్రం మా వాళ్లు మరిచిపోలేనిది. గాలి ఉద్దానాన్ని కూల్చింది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు పక్క కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి. గాలి తగ్గిందని జనం బయటికొచ్చి కూలిన చెట్లు లెక్కపెట్టుకుంటుండగా, అదే తుపాను గజపతి కొండల మీద కురిపించిన నీరు వంశధారలోకి దిగింది. దెబ్బ మీద దెబ్బ. ఒకటి సముద్రం వైపు నుంచి, రెండోది వెనక నుంచి. పెద్దవాళ్లనడిగితే 1980 సెప్టెంబరు వరద చెబుతారు. ఇప్పటికీ నీటి మట్టాన్ని దానితోనే పోల్చి చూస్తారు.

నాగావళికి 2017 జులై గుర్తు. రాయగడ పక్కన దాని ఉపనది కల్యాణికి ఒక్కసారిగా వచ్చిన వరద తేరుబలి దగ్గర రైలు వంతెననే పట్టుకుపోయింది. ఆ ఏరు చివరికి మన దగ్గరికి రావలసిందే.

విజయనగరం వైపు కథ వేరు. చంపావతి, గోస్తని పొట్టి నదులు. పుట్టేదీ కలిసేదీ చాలావరకు మన కొండలూ మన సముద్రమే. అక్కడ కొండ మీద కుండపోత పడితే గెడ్డలు గంటల్లో పొంగుతాయి, అక్కకు ఫోన్ చేసేంత వ్యవధి కూడా ఇవ్వవు. గెడ్డ మీది కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే బండి దింపకండి. మోకాలి లోతే కదా అనిపిస్తుంది, కింద రోడ్డుందో కొట్టుకుపోయిందో ఆ బురద నీళ్లలో కనపడదు.

నాకున్న కోరిక ఒక్కటే. కేంద్ర జల సంఘం వంశధార మట్టాన్ని గుణుపురంలోనూ, మన సరిహద్దుకు కాస్త ఎగువన కాశీనగర్‌లోనూ కొలుస్తుంది. వానల వారంలో ఆ రెండు అంకెలూ ప్రతి పూటా తెలుగులో ప్రతి పంచాయతీ మైకులో వినపడాలి. జిల్లా పేరుతో చెప్పే సూచన కలెక్టరాఫీసుకు సరిపోతుంది. గట్టు మీది మనిషికి నది పేరుతో చెప్పాలి. గుణుపురంలో అక్కలేనివాళ్లకీ ఆ కబురు అందాలి కదా!

ఈలోగా చేతిలో ఉన్న పనులు చేసుకోవాలి. పొలంలో నీళ్లు దిగే దారి మూసుకుపోయిందేమో ఇవాళే చూసుకోండి. మదుముల దగ్గర పేరుకున్న చెత్తా గుర్రపుడెక్కా వానకు ముందే తీయాలి. మునిగిన చేను తేలాక నీరు పూర్తిగా దించి, తర్వాతే పైపాటు ఎరువు వేయాలి. పశువులను ఏటి లంకల నుంచి సాయంత్రానికే తోలుకురండి. వేటకెళ్లొద్దన్న రోజున తెప్ప తీయకండి. ఉరుము వినపడితే చెట్టు కింద నిలబడకండి.

ఆ రోజు సాయంత్రం మా ఊళ్లో కూడా కాస్త జల్లు పడి ఆగింది. పిల్లలు ఏరు చూడ్డానికి గట్టు మీదికి పరుగెత్తారు. అతను మాత్రం తాటిచెట్టు దగ్గరికెళ్లి, మోటారుకు కట్టిన మోకు ముడి ఇంకోసారి బిగించాడు. మళ్లీ ఫోన్ తీశాడు.

“అప్పా, తగ్గిందేటి?”

“నేదు తమ్ముడా. ఇంకా పడతంది.”