గుయ్‌మంటున్న మోటారు కాలిపోయినట్టేనా?

ఢిల్లీ మెట్రో బ్లూ లైన్ ఒక కొసన ఉన్న వైశాలిలో (బుద్ధుడి కథల్లోని వైశాలి బీహార్‌లో ఉంది, ఇది గాజియాబాద్ జిల్లాలోది) చాలా ఫ్లాట్లలో వాషింగ్ మెషీన్ ఉండేది బాల్కనీలోనే. వేసవిలో అక్కడ 40 డిగ్రీలు దాటే ఎండ. ఒకరోజు స్విచ్ వేస్తే మెషీన్ గుయ్‌మంటుంది, కానీ తిరగదు. మోటారు కాలిపోయిందేమోనని ఇంట్లోవాళ్లకు బెంగ. సెమీ ఆటోమేటిక్ మెషీన్‌లో మాత్రం మొదట అనుమానించాల్సింది మోటారును కాదు, దానికి కలిపిన కెపాసిటర్‌ను.

ఇంటికి వచ్చేది 230 వోల్టుల సింగిల్ ఫేజ్ కరెంటు. ఒక్క వైండింగ్‌లో అది ప్రవహిస్తే అయస్కాంత క్షేత్రం అటూ ఇటూ ఊగుతుందే తప్ప చుట్టూ తిరగదు. తిరగలి పిడిని తిన్నగా రాయి మధ్యలోకి ఎంత నెట్టినా రాయి తిరగదు, పక్కకు తోయాలి. ఆ పక్క తోపు రెండో వైండింగ్ ఇస్తుంది. కెపాసిటర్ గుండా వెళ్లిన కరెంటు మొదటి వైండింగ్‌లోని కరెంటు కంటే కాస్త ముందుగా గరిష్ఠానికి చేరుతుంది. ఈ తేడాతోనే క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది, రోటర్ దాని వెంటపడుతుంది. టైమర్ రెండు వైండింగుల పాత్రలు మార్చితే మోటారు ఎదురు దిశలో తిరుగుతుంది. తిరిగే క్షేత్రం సూత్రాన్ని గలిలియో ఫెరారిస్, నికోలా టెస్లా 1888లో విడివిడిగా ప్రకటించారు.

వేడికి, ఏళ్ల వాడకానికి కెపాసిటర్ సామర్థ్యం తగ్గుతుంది. అప్పుడు మిగిలేది ఊగే క్షేత్రం, ఆ గుయ్‌ శబ్దం. అలాగే వదిలేస్తే వైండింగ్ వేడెక్కి నిజంగానే కాలుతుంది. కాబట్టి వెంటనే ఆపాలి.

స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయాలి. ముందు పుల్లీని చేత్తో తిప్పి చూడాలి. బిగుసుకుపోయి ఉంటే తప్పు బేరింగ్‌దో గేర్‌బాక్స్‌దో కావచ్చు. తేలిగ్గా తిరిగితే కెపాసిటర్ వైపు వెళ్లాలి. మామూలుగా ఇందులోని చార్జి వైండింగుల గుండానే ఖాళీ అవుతుంది. వైండింగ్ తెగి ఉంటే మాత్రం అలాగే నిలిచి ఉండొచ్చు, అంటే చెడిపోయిన మెషీన్‌లోనే ఈ ప్రమాదం ఎక్కువ. 10 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టుల దాకా చార్జి నిలవొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు మంచిది కాదు. హోల్డర్‌లోని ఫిలమెంట్ బల్బు వైర్లను దాని రెండు కొసలకు తాకించి ఖాళీ చేయాలి.

తర్వాత మల్టీమీటర్‌తో కొలవాలి. కెపాసిటర్ మీద రాసిన విలువకు బాగా తక్కువ చూపిస్తే అదే దోషి. కొత్తది అదే మైక్రోఫారడ్, అంతే లేదా ఎక్కువ వోల్టేజీ ఉన్నది వేయాలి. పెద్దది వేస్తే బలం వస్తుందనుకోవడం పొరపాటు, రెండో వైండింగ్ అదనంగా వేడెక్కుతుంది.

కెపాసిటర్ బాగుంటే వైండింగులు చూడాలి. వాష్ మోటారు మూడు వైర్లలో ఉమ్మడి వైరు నుంచి మిగతా రెండింటికీ రెసిస్టెన్స్ దాదాపు సమానంగా, ఆ రెండింటి మధ్య రెట్టింపుగా ఉండాలి. స్పిన్ మోటారుకు ఈ సమానత్వం వర్తించదు. ఏదో ఒకటి అసలు రీడింగ్ ఇవ్వకపోయినా, మోటారు బాడీకి కనెక్షన్ చూపినా, వార్నిష్ మాడిన వాసన వచ్చినా ఇంట్లో పని అక్కడితో ఆగాలి. అది రీవైండింగ్ షాపుకు వెళ్లాల్సిన మోటారు.