ఎమ్డెన్ విడిచిన గుండు

చెన్నై ఎగ్మోరులోని ప్రభుత్వ మ్యూజియములో ఒక ఫిరంగిగుండును పదిలపరచియున్నారు. పిల్లలు దానిని చూచి వింతపడుదురు. పెద్దలు ‘ఎమ్డెన్ గుండు’ అని చెప్పి ముందునకు సాగుదురు.

అది 1914 సెప్టెంబరు 22. మొదటి ప్రపంచయుద్ధము మొదలై రెండు నెలలు నిండలేదు. చెన్నపట్టణము నాడు తెలుగువారికిని రాజధాని. ఆంధ్రపత్రిక అక్కడ దినపత్రికగా వెలువడ నారంభించి ఆరు నెలలైనను కాలేదు. ఆ రాత్రి 9.30 గంటల ప్రాంతమున జర్మనుల యుద్ధనౌక ఎమ్డెన్ తీరమునకు చేరువగా వచ్చి నూటికి పైగా గుండ్లను కురిపించెను. ఆ నౌకపై ఫిరంగుల గొట్టపు వ్యాసము 10.5 సెంటీమీటర్లు. రేవుచెంతనున్న బర్మా ఆయిల్ కంపెనీ చమురుతొట్లు భగ్గున మండినవి. అనంతరము ఓడ చీకటిలో మాయమయ్యెను. హైకోర్టు ప్రహరిగోడయొద్ద నిలిపిన శిలాఫలకము నేటికిని ఆ దాడిని గుర్తుచేయుచున్నది.

నౌకాధిపతి ఫాన్ ముల్లర్ కోరినది చమురు నష్టము మాత్రమే కాదు. సముద్రముపై బ్రిటిషువారికి ఎదురు లేదను నమ్మకమును సడలించుట. అది నెరవేరినది. జనులనేకులు పట్టణము విడిచిపోయిరి. తమిళమున ‘ఎమ్డెన్’ అను మాట గడుసరికి మారుపేరై నిలిచినది.

ఆ నౌకయు ఎక్కువ కాలము మనలేదు. ఆ యేడే నవంబరు 9వ తేదీన కోకోస్ దీవులచెంత సిడ్నీ అను ఆస్ట్రేలియా యుద్ధనౌక దానిని చితుకగొట్టెను. ఎమ్డెన్ ఫిరంగి యొకటి సిడ్నీ నగరపు హైడ్ పార్కునకు చేరినది. శిథిలములలో దొరకిన మెక్సికో వెండి నాణెములు పతకములుగా మారినవి. దెబ్బతిన్నవారును జ్ఞాపికను దాచుకొనిరి, దెబ్బతీసినవారును దాచుకొనిరి.

కాని ఆ రాత్రి చెన్నపట్టణపు రేవులో చుప్రా అను వర్తకనౌకయు నిలిచియుండెను. దానిపైనను గుండ్లు పడి, అందున్నవారిలో కొందరు మరణించిరి. ఎవరితోను పోరాడక, తమ పని తాము చేసికొనుచుండిన నావికులు వారు. కాల్చిన ఓడ పేరు జనుల నాలుకపై నిలిచినది. కాలిన ఓడ పేరు నెరిగినవారెందరు? కాల్చిన ఓడ నాయకుని పేరు చరిత్ర గ్రంథముల కెక్కినది. మరణించినవారి పేర్లను అడుగువారెవరు?

చంపవచ్చిన ఇనుమును నూరేండ్లకు పైగా కాపాడుకొనుచున్నాము. తప్పులేదు, చరిత్రకు సాక్ష్యము వలయును. అయితే సాక్షి తనంత తాను మాటలాడదు, అడుగువాడుండవలెను. పిల్లలను ఆ గుండు నొద్దకు కొనిపోవు ఉపాధ్యాయుడు ఎమ్డెన్ సాహసమునకు ముందుగా చుప్రా నావికుల మరణమును చెప్పిననాడే ఆ జ్ఞాపికను దాచినందులకు ఫలము కలుగును.