త్వరగా చదివే బిడ్డ చేతికి ఏ నవల?

నాలుగైదు తరగతుల బిడ్డల్లో కొందరు పాఠ్యపుస్తకమును జూన్ నెలలోనే చివరి పేజీ వరకు చదివేస్తారు. ఆ తరువాత చదవడానికి ఏమీ దొరకక, బజ్జీలు కట్టి తెచ్చిన కాగితమును కూడా విప్పి చదువుతూ కూర్చుంటారు. అలాంటి బిడ్డ మీ ఇంట ఉంటే సంతోషమే. కాని ఆ బిడ్డకు ఏ పుస్తకము ఇవ్వాలి? తల్లిదండ్రులు సాధారణముగా రెండు సంగతులు చూస్తారు: మాటలు కష్టముగా ఉన్నవా, నీతి ఉన్నదా అని. నలుగురు బిడ్డలు ఒకచోట కూర్చుండి మాట్లాడుకొనుటకు నవల కావాలంటే ఈ రెండూ చాలవని మా అభిప్రాయము. మంచి మనస్సుగల ఇద్దరు బిడ్డలు కూడా ఒప్పుకోలేక వాదులాడుకునే ప్రశ్న అందులో ఒకటి ఉండాలి.

హైదరాబాదులో ధూల్‌పేట బిడ్డలు కొందరితో మేము సాయంకాలములు ఇలాంటి చదువు జరిపాము. ధూల్‌పేట అనగానే చాలామందికి గుడుంబా గుర్తుకు వస్తుంది. అయితే పతంగులు, రాఖీలు, వినాయక విగ్రహములు తయారయ్యేది కూడా ఆ గల్లీలలోనే. చవితి పని ముగిసిందనుకునేలోగా సంక్రాంతి పతంగుల పని మొదలవుతుంది. ఇంటి పనిలో బిడ్డలూ చేయి వేస్తారు. కనుక మూడువందల పేజీల నవల అక్కడ సాగదు. వంద పేజీలకు అటు ఇటుగా ఉండి, ఒక్కొక్క అధ్యాయము ఒక్క కూర్చున్నపాటున ముగిసేది కావాలి. పల్లెలో నాట్లు, కోతల దినములలో మీ బిడ్డల సంగతి కూడా ఇంతే గదా!

అక్కడ చాలా ఇండ్లలో హిందీ మాట్లాడుతారు గనుక మొదట ప్రేమ్‌చంద్ గారి 'ఈద్గా' చదివించాము. అది నవల కాదు, చిన్న కథే. తల్లిదండ్రులు లేని హమీద్ పండుగ సంతకు వెళ్తాడు. తోటివారందరు మట్టిబొమ్మలు కొనుక్కుంటే, రొట్టెలు కాల్చేటప్పుడు నాయనమ్మ చేయి కాలుతున్నదని ఇనుప పట్టకారు కొంటాడు. మేము ఈ కథ చెప్పినచోట ప్రతివారు హమీద్‌నే మెచ్చుకున్నారు. విగ్రహములు చేసే ఇంటి పిల్లవాడొకడు మాత్రము, "అందరూ పట్టకారే కొంటే బొమ్మలు చేసినవాడు పండుగనాడు ఏమి తినాలి?" అని అడిగాడు. ఆ సాయంకాలమంతా దానితోనే గడిచింది. హమీద్ మంచితనము ఏమీ తగ్గలేదు, సంతలో ఇంకొక మనిషి కూడా ఉన్నాడని అందరికి కనబడింది.

ఆ తరువాత 'రైలుబడి'. తెత్సుకో కురొయనాగి అనే జపాను రచయిత్రి తన బాల్యమును గూర్చి 1981లో ప్రచురించిన పుస్తకమునకు ఇది తెలుగు. పేరుకు జ్ఞాపకములే గాని నవలవలెనే చదివిస్తుంది. పాత రైలుపెట్టెలే అక్కడ తరగతి గదులు. ఆ పాప పర్సు మరుగుదొడ్డి గుంటలో పడిపోతుంది. వెతకడానికి ఆమె గుంటలోనిదంతా తోడి బయట పోస్తూ ఉంటే ప్రధానోపాధ్యాయుడు కోబయాషి గారు చూస్తారు. తిట్టరు, సహాయము కూడా చేయరు, అయిపోయాక అంతా తిరిగి లోపల వేయమని మాత్రము చెప్పి వెళ్లిపోతారు. ఆయన చేసినది సరియేనా? మా బిడ్డలలో సగముమంది సరియే అన్నారు, సగముమంది పెద్దమనిషి అలా వెళ్లిపోవచ్చునా అన్నారు. అందులోనే పోలియో సోకిన తోటి పిల్లవాని మరణము కూడా ఉంది. బిడ్డలకు మరణము సంగతి వద్దని ఆ పేజీలు దాటవేయకండి. వారు ఇండ్లలో చూడనిది కాదు. మాట్లాడనిచ్చేవారు లేకనే మౌనముగా ఉంటారు.

ఇంకొక జాగ్రత్త. చదివే వేగము వేరు, వయస్సు వేరు. పదేండ్ల బిడ్డ పెద్దల వారపత్రికలోని సీరియల్‌ను గడగడ చదివినంత మాత్రాన అది ఆ బిడ్డ పుస్తకము కాదు. అలాగని పెద్దల నవలలన్నిటిని పైన అటకమీద పెట్టనవసరము లేదు. డాక్టర్ కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' చూడండి. డిచ్‌పల్లిలో మిషనెరీ డాక్టరమ్మ ఇసబెల్ కెర్ గారు ప్రారంభించిన కుష్ఠురోగుల ఆసుపత్రిలో ఈయన అనేక సంవత్సరములు వైద్యము చేశారు, 2015లో చనిపోయారు. ఒక ముసలివాడు, ఈనడానికి అడవిలోకి వెళ్లిన తన పంది, ఒక రాత్రి. ఇంతే కథ. పశువులను మేపే ఇంటి బిడ్డకు ఇది పట్నము బిడ్డకంటె బాగా తెలుస్తుంది. రక్తము, భయము ఉన్నవి గనుక ఐదవ తరగతికి ముందు వద్దు, అదీ పెద్దవారు ప్రక్కన ఉండి చదివించాలి. ముగింపు మేము చెప్పము. చివరి పేజీ అయ్యాక పుస్తకము పేరు చూపించి, "నిజముగా జయించాడా?" అని అడిగి ఊరుకోండి.

"మరి మన 'యాత్రికుని ప్రయాణము' సంగతేమిటి?" అని సంఘపు పెద్దలు అడుగుతారు. జాన్ బన్యన్ 1678లో వెలువరించిన ఆ గ్రంథములో ప్రతివాని పేరే వాని గుణమును చెప్పేస్తుంది గనుక చర్చకు చోటుండదని మేము అనుకునేవారము. ఒక పాప మొదటి పేజీలలోనే ఆగి, భార్యాబిడ్డలు పిలుస్తుండగా చెవులు మూసుకొని పరుగెత్తడము మంచి పనియేనా అని అడిగింది. ఆమె తండ్రి ఇల్లు విడిచి వెళ్లినవాడని మాకు తెలుసు. వెంటనే జవాబు చెప్పకుండా, ఆ భార్యాబిడ్డల ప్రయాణమును బన్యన్ 1684లో రెండవ భాగముగా వ్రాశాడని మాత్రము చెప్పాము. ఆ పాప రెండవ భాగము కావాలని అడిగి తీసుకొని వెళ్లింది.

పుస్తకములు దొరికే చోటు ఒక మాట. నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయము, సికింద్రాబాదులోని మంచి పుస్తకమువారు తక్కువ ధరలో అచ్చువేసినవి ఉన్నవి. నగరములోనివారికి 1891లో ప్రారంభమైన అఫ్జల్‌గంజ్ గ్రంథాలయము, ఆదివారము ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉన్నవి (ఆదివారము గనుక మాకు ఆరాధన ముగిశాకనే వీలు!). పల్లెలో శాఖా గ్రంథాలయములో అడగండి. మీరు ముందుగా పూర్తిగా చదవని నవలను గుంపులో పెట్టకండి. ఆరుగురు బిడ్డలకు ఒకే ప్రతి దొరికితే, త్వరగా చదివే బిడ్డను పైకి చదవమనండి, తక్కినవారు వింటారు. ధూల్‌పేటలో మేము అలా చేసినప్పుడు, రాఖీలకు దారము చుట్టుకుంటూ గుమ్మములో కూర్చున్న ఒక నాయనమ్మ, పేజీ తిప్పేటప్పుడు ఆలస్యమైతే చాలు, "ఆగే పఢో బేటా" అని తొందరపెట్టేది.